ఉప్పు లేని ఒడ్డు

కంప్రెషర్ పగిలిన రిగ్గు బండి
చింతపల్లి అడ్డరోడ్డు మీద కూలబడ్డది.
సామాను పట్నం నుంచి రేపొస్తదంట.
ఈ ఒక్కరోజు భూమికి సెలవు,
మాకు సెలవు.

"సముద్రం చూద్దాం పా" అన్నడు జానయ్య.
మన జిల్లాల సముద్రమేందే అంటే
దేవరకొండ దాటినంక చెప్త అని
బండి కిక్కు కొట్టిండు.

మా ఇద్దరి నడిమిట్ల సంచి, సంచిల కొబ్బరికాయ.
ఆయనకు అది చెప్పులసొంటిది, విడిచి రాడు.
అరచేతుల అడ్డంగ పెట్టుకొని చెలకల పొంటి నడిస్తే
నీళ్లున్న కాడ నిక్కి నిలబడుతదని
మర్రిగూడ నుంచి నాంపల్లి దాక పేరు.
ఆయన కాలు ఆగిన చోటల్లా
ఎనిమిది వందల ఫీట్లు దించినోణ్ని నేను.
ఎన్నిసార్లు తెల్లటి దుమ్ము లేచి
ఆడోళ్ల కొప్పుల మీద, ఎడ్ల రెప్పల మీద పడ్డదో
ఇద్దరం ఎన్నడూ లెక్క చూసుకోలే.

బత్తాయి తోటలు దాటినం. కొన్ని పచ్చగ, కొన్ని కట్టెలు.
గుట్టల నడుమ తండా, గోడ మీద ఆరేసిన అద్దాల రైక
ఎండను తీసి నా కంట్ల కొట్టింది.
కండ్లు నులుముకుంటుంటే దారి వంగింది.
నీళ్లు.

నీళ్లంటే బిందె కాదు, ట్యాంకర్ కాదు,
నీ వంతు నా వంతు కాదు.
గుట్టల నడుములు పట్టుకొని
ఎటు చూస్తే అటే పోతున్నయి.
అవతల నల్లమల, పొయ్యి ఆర్పినంక లేసే పొగ లెక్క.
నేను బండి దిగుడు మర్చిపోయిన.

ఊరి పేరు వైజాగ్ కాలనీ.
డ్యాం కట్టేనాడు తూర్పు నుంచి వచ్చినోళ్లు
వలలు విప్పి ఇక్కణ్నే ఉండిపోయిండ్రట.
ఒడ్డు పొడుగునా పట్నం పోరగాళ్ల టెంట్లు.
ఒకడు ఫోన్‌ల ఒర్రుతుండు:
బీచ్‌ల ఉన్నరా, బీచ్‌ల!

రాళ్లపొయ్యి కాడ నూకరత్నం.
"ఏటి బాబూ, అరకేజీ ఏటికి సాల్తాది ఇద్దరికి?"
అక్కా, మీ వైజాగ్ సముద్రం గిట్లనే ఉంటదా అన్న.
పెనం మీద చేపను తిరగేసి నవ్వింది.
"నానెరగను బాబూ, ఇక్కడే పుట్టినాను.
మా మామ్మ సెప్పీది, ఈ నీటికి గొంతు నేదని.
రాత్రి ఆ హోరు ఇనబడక
మూడేళ్లు నిద్దర పట్టనేదంట ఆవిడికి."
ఇంత ఉప్పు గల్లు చిదిమి చేప మీద చల్లి
"సముద్రమంటే నాకిదే" అంది.

జానయ్య లేడు.
చూస్తే నీళ్ల అంచుకు ఉన్నడు, లాగు మడిచి.
అరచేతుల కొబ్బరికాయ.
కాలనీ పిల్లలు చుట్టూ మూగిండ్రు.
కాయ కదలలే.
మడిమలు దాటి, పిక్కలు దాటి,
మోకాళ్ల లోతుకు పోయిండు.
చేతుల పండుకున్న పిల్లి లెక్క అది కదలలే.
నవ్వుదామనుకున్న.
ఆయన ముఖం చూసి ఆపుకున్న.

"కనబడేదాన్ని ఇది చెప్పదు" అన్నడు చానా సేపటికి.
నాకు చెప్పిండో, పిల్లలకో, నీళ్లకో.

బండకు కొట్టి పలగ్గొట్టి
కొబ్బరి పిల్లలకే పంచిండు.
నేను దోసిలి ముంచిన.
వంగితే నా పండ్లు కనబడ్డయి,
మా ఊరి బాయి రాసిన పసుపు గీతలతోని.
తాగిన. ఏ రుచీ లేదు.
ఏ రుచీ లేకపోవుడు ఇంత తియ్యగుంటదని
నలభై ఏండ్లకు తెలిసింది.

తెల్లారి సామాను వచ్చింది.
ఎరుగండ్లపల్లిల పాయింటు, పత్తి చేను.
రైతు పెండ్లాం పసుపు కుంకుమ పట్టుకొని నిలబడ్డది.
జానయ్య కొత్త కాయ అరచేతుల పెట్టుకొని నడుస్తున్నడు.
నేను పైపుల మీద కూసొని చూస్తున్న.
కాయ ఇంక లేవనే లేదు,
ఆయన మెడ మాత్రం మెల్లగ
దేవరకొండ దిక్కు తిరిగింది.